కారు డోరు కిర్రుమంటే

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

కారు డోరు చప్పుడు నువ్వే బాగుచేసుకుంటానన్నావని మీ అమ్మ చెబితే మురిసిపోయాను. డోరు ఊడదీసి మరీ గ్రీజు పెడతావని విన్నాక మాత్రం గుండె గుభేలుమంది. హింజ్, అంటే డోరుని కారు బాడీకి కలిపే బందు, దాని బోల్టుల జోలికి పోకురా. అవి రవ్వంత జరిగినా డోరు సరిగ్గా కూర్చోదు, లాక్ పట్టదు, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. గ్రీజు చేరాల్సింది హింజ్ మధ్యలో ఉండే పిన్నుకీ, దాని చుట్టూ ఉండే బుష్ అనే చిన్న గొట్టానికీ మధ్యకి. దానికి డోరు తియ్యక్కర్లేదు.

ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకో. హింజ్ బయటి అంచు మీద వేలు ఆనించి డోరు మెల్లగా తెరువు. అక్కడిదే అయితే వేలికి అదురు తెలుస్తుంది. రేకుల మధ్య వేలు పెట్టేవు, జాగ్రత్త! పై హింజూ కింది హింజూ కాకపోతే, డోరుని సగంలో ఆపే చెక్ స్ట్రాప్ చూడు.

ఇక అందరూ చేసే తప్పు. డబ్ల్యూడీ-40 కొడతారు, చప్పుడు ఆగుతుంది, పనైపోయిందనుకుంటారు. అది 1953లో తేమను తరిమి తుప్పును ఆపడానికి తయారైన పలుచటి ద్రవం. మురికిని బాగా వదిలిస్తుంది, కానీ డోరు బరువు కింద దాని పొర నిలవదు. పైగా లోపల మిగిలిన పాత గ్రీజుని కూడా కరిగించి బయటికి లాగేస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ కిర్రు, మళ్లీ స్ప్రే. ఈలోగా లోహం లోహంతో రాసుకుని బుష్ అరిగిపోతుంది. కాబట్టి దాన్ని కడగడానికే వాడు. ఎర్రగా, నల్లగా కారేదంతా పాతగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. అప్పుడు తెల్ల లిథియం గ్రీజు స్ప్రే, సన్న గొట్టంతో పిన్ను పైనా కిందా చెరో రెండు చిన్న కొట్టుళ్లు. డోరు పది పదిహేనుసార్లు తెరిచి మూస్తే లోపలికి పాకుతుంది. బయట మిగిలింది తుడిచెయ్యి, లేకపోతే దుమ్ము పట్టి గరుకు కాగితంలా అరగదీస్తుంది. వంటనూనె మాట తలపెట్టకు, జిగురైపోతుంది.

రబ్బరు బీడింగ్‌కి గ్రీజు తగలనివ్వకు, ఉబ్బుతుంది. దానికి సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి రాయి. స్ప్రే డబ్బాల దగ్గర నిప్పు వద్దు నాయనా.

చివరగా డోరు సగం తెరిచి, చివర పట్టుకుని పైకెత్తి చూడు. పైకీ కిందకీ ఆడితే బుష్ పోయినట్టే. దానికి గ్రీజు మందు కాదు, పిన్నూ బుష్షూ మార్చాలి. అది మెకానిక్‌కి అప్పగించు. అంత బరువు డోరుని నువ్వొక్కడివే మొయ్యకు.