గుజ్జు బుట్టకు బూజు ఎందుకు పట్టింది?

ప్రశ్న: పాత దినపత్రికలను నానబెట్టి, మైదా జిగురు కలిపి చేసిన గుజ్జు బుట్ట వారంలోనే బూజుపట్టి పగిలింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నవంబరులో ఈశాన్య రుతుపవనాల వల్ల నెల్లూరు తీరమంతా తేమగా ఉంటుంది కనుక, మందంగా మెత్తిన గుజ్జు పైకి ఎండినట్టు కనిపించినా లోపల తడిగానే ఉండి బూజుకు తావిస్తుంది, మైదా దానికి ఆహారమవుతుంది. పైపొర ముందుగా ఎండి కుంచించుకుపోవడం వల్లనే పగుళ్లు వస్తాయి. మైదాకు బదులు, మన పెద్దలు చేటలకు పూసినట్టు, నానబెట్టి మెత్తగా రుబ్బిన మెంతులను కలపండి. వాటి జిగురు కాగితాన్ని చక్కగా పట్టి ఉంచుతుంది. గుజ్జును గట్టిగా పిండి, బోర్లించిన గిన్నెకు నూనె రాసి, పలుచని పొరలుగా, ఒకటి పూర్తిగా ఎండిన తరువాతే మరొకటి వేయండి. సంక్రాంతి దాటాక మొదలుపెట్టడం మేలు. అచ్చు సిరా ఉన్న కాగితం కనుక అందులో తినుబండారాలు వద్దు. సూదులు, దారాలు దాచుకోండి.