కుక్కపిల్లను కొట్టొద్దు అల్లుడూ

అల్లుడూ, ఐదో నెల నడుస్తున్న మీ ల్యాబ్రడార్ పిల్ల చెప్పులన్నీ కొరికేస్తోంది, వచ్చినోళ్ల మీదికి ఎగురుతోంది, రెండు దెబ్బలు వేసినా లెక్కచేయడం లేదు అని రాశావు. ముందు ఆ కొట్టడం ఆపు. మధ్యాహ్నమెప్పుడో చెప్పు కొరికితే నువ్వు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కొడతావు, ఆ దెబ్బ దేనికో దానికెలా తెలుస్తుంది? నువ్వు ఇంటికొస్తే దెబ్బలు పడతాయి అనుకుంటుంది, అంతే. తల దించుకుని మూలకు పోయేది కూడా తప్పు తెలిసి కాదు, నీ ముఖం చూసి భయపడి.

ఐదో నెలంటే పాలపళ్లు ఊడి గట్టి పళ్లు వచ్చే టైం. చిగుళ్లు సలుపుతుంటాయి, ఏదో ఒకటి కొరకాల్సిందే. చెప్పులు దానికి అందకుండా పెట్టి, కుక్కల కోసమే అమ్మే గట్టి రబ్బరు బొమ్మ ఒకటి కొనివ్వు. ఉడికిన కోడి ఎముకలు మాత్రం వద్దు, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

అసలు చిక్కంతా మీ ఇంట్లోవాళ్లతోనే. అది ఎగిరినప్పుడు నువ్వు వీపు తిప్పి నిలబడి, నాలుగు కాళ్లూ నేల మీద పెట్టాకే నిమరాలి. కానీ పిల్లలు దాన్ని ఎగిరించి నవ్వుతుంటే, ఒకరు సిట్ అని, ఇంకొకరు కూర్చో అని అంటుంటే, మీ జేజి తన తట్టలోంచి సంగటి ముద్ద వేస్తుంటే అదేం నేర్చుకుంటుంది చెప్పు? జేజిని ఒప్పించడం కుక్కకు నేర్పడం కన్నా కష్టమని నాకూ తెలుసు. ఆమె తిన్నాక ఉత్త సంగటి దాని గిన్నెలో వేయమను, పులుసు వద్దను, అందులో పడే ఉల్లిపాయ కుక్కలకు విషం.

కూర్చోబెట్టడం సులువే. ఉడికిన గుడ్డు ముక్క ముక్కు పైన పట్టి మెల్లగా వెనక్కి జరుపు, తల ఎత్తేసరికి నడుము కిందికి దిగుతుంది, ఆ క్షణంలోనే కూర్చో అని చెప్పి ముక్క ఇచ్చేయి. పూటకు ఐదు నిమిషాలు చాలు.

అనంతపురం ఎండల్లో దాన్ని తెల్లారకముందే తిప్పు, సాయంత్రమైతే చెయ్యి రోడ్డుకు ఆనించి కాలకపోతేనే. ఇంతకీ రేబిస్ టీకా వేయించావా లేదా రాయలేదు. మూడు నెలలు దాటిన పిల్లకు అది పడి ఉండాలి. దాని పన్ను తగిలి ఎవరికైనా చర్మం గీరుకుంటే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకుపో.