నెట్‌తో పాటు టీవీ ప్యాక్ కూడా తీసుకోవాలా? మూడు నాలుగు నెలలు వాడి చూసిన మా అనుభవం

మీరు అడిగింది ఇదీ: వైట్‌ఫీల్డ్ దగ్గర అద్దె ఇంట్లోకి మారుతున్నారు, నెట్ కంపెనీ వాళ్లు నెలకు ఇంకో 200 కడితే 350 ఛానెళ్లు, కొన్ని ఓటీటీలు కలిపి ఇస్తామంటున్నారు, ఒంగోలు నుంచి అమ్మానాన్న వచ్చి ఆరు నెలలు ఉండబోతున్నారు, అందుకని పాత డీటీహెచ్ తీసేసి ఇదే పెట్టించుకుందామా అని. నెట్ తీసుకోండి. టీవీ ప్యాక్ ఇప్పుడే వద్దు. డీటీహెచ్ మాత్రం దయచేసి తీసేయకండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే సరిగ్గా ఇదే పని మేం 2025 మార్చిలో చేశాం, ఆ ఇబ్బంది నాకన్నా మా ఆయనకన్నా మా అత్తయ్య ఎక్కువ పడింది.

మేం ఉండేది మారతహళ్లి దగ్గర మున్నెకొళాలలో. అత్తయ్యది ప్రొద్దుటూరు. మామయ్య పోయాక మా దగ్గరే ఎక్కువ ఉంటోంది. మేమిద్దరం పొద్దున తొమ్మిదికి వెళ్తే మళ్లీ ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది. ఆవిడకు కన్నడం రాదు, కింద వాచ్‌మన్ భార్యతో రెండు మాటలు తప్ప పగలంతా మాట్లాడే మనిషి ఉండరు. పొద్దున సుప్రభాతం, మధ్యాహ్నం పన్నెండుకు ఎస్‌వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం, సాయంత్రం వంట అయ్యాక సీరియళ్లు, ఇదీ ఆవిడ రోజు. ఈ సంగతి నాకు తెలియక కాదు, ప్లాన్ తీసుకునే రోజు గుర్తు రాలేదు. ఆ రోజు మేం చూసింది లెక్క ఒక్కటే.

ఆ లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే మీరూ అదే వేసి ఉంటారు. నెట్ ఒక్కటే అయితే 599, టీవీతో కలిపి 799. దీని మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది, ఫోన్‌లో చెప్పేటప్పుడు ఆ మాట ఎత్తరు. కలిపితే 706.82, 942.82. అంటే టీవీకి పడేది 236. అత్తయ్య డీటీహెచ్‌కి నెలకు 280 కట్టేవాళ్లం, తెలుగు ప్యాకే, హెచ్‌డీ కూడా కాదు. తేడా 44 రూపాయలు. ఆ 44 రూపాయలకీ, "ఒకటే బిల్లు, ఒకటే పేమెంట్" అనే సుఖానికీ మేం ఆవిడ రోజంతా మార్చేశాం. ఆరు నెలలు ముందే కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం అన్నారు కాబట్టి ఆరు నెలలకూ కట్టేశాం కూడా.

బాక్స్ వచ్చింది, పెట్టారు, బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు పన్నెండున్నరకు అత్తయ్య ఫోన్. "ఏందమ్మా, స్వామి కల్యాణం కనపడతాంది గానీ చెప్పేది కన్నడంలో చెప్తాండారే!" అంది. టీటీడీ వాళ్లకు ఎస్‌వీబీసీ తెలుగులోనే కాదు, తమిళం, కన్నడం, హిందీలో కూడా వేరు వేరు ఛానెళ్లు ఉన్నాయి. బెంగళూరులో ఇచ్చే ప్యాక్ కాబట్టి వాళ్లు పెట్టింది కన్నడ ఛానెల్. లిస్టులో "ఎస్‌వీబీసీ" అని చూసి మేం టిక్కు పెట్టుకున్నాం, పక్కన ఉన్న అంకె చూడలేదు. ఇలాగే "సౌత్ ప్యాక్" అనే పేరు చూసి తెలుగంతా వస్తుందనుకోకండి. బెంగళూరులో సౌత్ ప్యాక్ అంటే ముందు కన్నడ ఛానెళ్లు నిండుగా ఉంటాయి, తెలుగులో పెద్ద ఛానెళ్లు రెండో మూడో ఉండి, మిగతావి మళ్లీ యాడ్-ఆన్, అంటే విడిగా డబ్బు కట్టాలి, అంటారు. 350 ఛానెళ్లన్న మాటకు అర్థం లేదు. అమ్మానాన్న చూసేవి పదో పన్నెండో ఉంటాయి, ఆ పన్నెండూ ఉన్నాయా లేవా అన్నదే ప్రశ్న.

2019 ఫిబ్రవరిలో ట్రాయ్ (ఫోన్, టీవీ కంపెనీలకు నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ) కొత్త పద్ధతి వచ్చాక డీటీహెచ్‌లోనూ కేబుల్‌లోనూ కావలసిన ఛానెల్‌కే కట్టే వీలుంది. మొదట్లో నెట్‌వర్క్ ఫీజు, అంటే ఛానెళ్ల ధర కాకుండా కనెక్షన్‌కు నెలనెలా కట్టేది, 130 దాటకూడదని ఉండేది, జీఎస్‌టీతో 153.40. 2024లో ఆ హద్దు తీసేసి కంపెనీలకే వదిలేశారు, కాబట్టి ఇప్పుడు ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కోలా ఉంటుంది. అయినా ఒక్కో ఛానెల్‌గా ఎంచుకునే హక్కు అలాగే ఉంది. నెట్‌తో కలిపి ఇచ్చే ప్యాక్‌లో మాకైతే ఆ వెసులుబాటు దొరకలేదు, వాళ్లు కట్టి ఇచ్చిన మూటే తీసుకోవలసి వచ్చింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. "టీవీ ఇస్తాం" అనే మాట వెనక మూడు రకాలుంటాయి, అమ్మే అబ్బాయికి కూడా చాలాసార్లు తేడా తెలియదు. ఒకటి ఐపీటీవీ, అదే ఫైబర్ తీగలో వస్తుంది గానీ టీవీకి వేరే దారి పెడతారు, మామూలుగా మీ నెట్ డేటాలో లెక్కపడదు. రెండోది బాక్స్‌లో ఉండే యాప్, దాంట్లో లైవ్ ఛానెళ్లు, ఇది మామూలు వీడియోలాగే నెట్ మీద నడుస్తుంది. మూడోది డిష్ పెట్టి ఇచ్చే డీటీహెచ్చే, బిల్లు మాత్రం కలిపి వస్తుంది. మాకు ఇచ్చింది రెండోది, తర్వాత తెలిసింది. డేటా గురించి టెన్షన్ పడక్కర్లేదు, హెచ్‌డీలో గంటకు సుమారు 3 జీబీ అనుకున్నా రోజుకు ఐదు గంటలకు నెలకు 450 జీబీ, చాలా అన్‌లిమిటెడ్ ప్లాన్లకు ఉండే 3,300 జీబీ హద్దుకు దూరమే. ఇబ్బందల్లా లాగిన్‌తో. కరెంటు పోయి వస్తుంది, రూటర్ లేవడానికి రెండు మూడు నిమిషాలు, తర్వాత బాక్స్ లేస్తుంది, లేచాక ఒక్కోసారి "మళ్లీ లాగిన్ అవ్వండి" అని తెర మీద పడుతుంది. ఓటీపీ వెళ్లేది మా ఆయన ఫోన్‌కి. ఆయన మీటింగ్‌లో ఉంటాడు. ఆవిడ రిమోట్ పట్టుకుని అలా తెర వైపు చూస్తూ కూర్చుంటుంది, మమ్మల్ని విసిగించకూడదని ఫోన్ కూడా చేయదు. ఒకరోజు నేను తొందరగా ఇంటికొస్తే తెర మీద ఓటీపీ కొట్టాల్సిన ఆరు గళ్లు ఖాళీగా ఉన్నాయి, ఈవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎంతసేపటి నుంచి అత్తా అంటే "పొద్దున్నించి అంతేలే" అంది.

పాత డీటీహెచ్ రిమోట్ మీద అంకెలు అరిగిపోయాయి, అయినా ఆవిడ వేలికి ఏ ఛానెల్ ఎక్కడో తెలుసు. టీవీ వేస్తే నిన్న ఆపిన ఛానెలే వచ్చేది. కొత్త బాక్స్ వేస్తే ముందు సినిమా పోస్టర్లు వస్తాయి, దాంట్లోంచి లైవ్ టీవీకి, అక్కడి నుంచి భాషకు, అక్కడి నుంచి ఛానెల్‌కు వెళ్లాలి, మధ్యలో పొరపాటున మైకు బటన్ నొక్కితే అది ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది. మనకు ఇది పది సెకన్ల పని. డెబ్బై ఏళ్ల మనిషికి, అందులోనూ కళ్లజోడు వంటింట్లో మర్చిపోయిన మనిషికి, కాదు. మీ నాన్నగారు ఫోన్‌లో యూట్యూబ్ అలవాటుగా చూసేవారైతే ఈ బాధ మీకు తక్కువే ఉండొచ్చు, అది మీరే చూసుకోండి.

మే నెలలో మా రోడ్డు తవ్వారు, ఫైబర్ తెగింది. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇది కొత్తేం కాదు, డ్రైనేజీకి ఒకరు, కరెంటు కేబుల్‌కు ఒకరు తవ్వుతూనే ఉంటారు, స్తంభాలకు వేలాడే తీగల్ని ఒక్కోసారి కార్పొరేషన్ వాళ్లే కోసేస్తారు. మూడు రోజులు నెట్ లేదు. నాకు ఆఫీసులో నెట్ ఉంది, ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ ఉంది, నాకేం కాలేదు. అత్తయ్యకు మాత్రం మూడు రోజులు ఇల్లు మూగబోయింది. మూడో రోజు సాయంత్రం "నేను ఊరికి పోయొస్తా, అక్కడైతే పక్కింటోళ్లన్నా ఉంటారు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నెట్, టీవీ ఒకే తీగ మీద ఉంటే తెగినప్పుడు రెండూ పోతాయి, నష్టం మాత్రం ఇంట్లో అందరి మీదా సమానంగా పడదు.

చిన్న విషయమే అయినా క్రికెట్ సంగతి కూడా చెప్పాలి. జూన్ 3న ఐపీఎల్ ఫైనల్ రాత్రి ఆర్‌సీబీ గెలిచినప్పుడు మా టీవీలో చివరి ఓవర్ ఇంకా పూర్తి కాలేదు, ఎదురు బిల్డింగ్‌లో అప్పటికే టపాసులు పేలాయి. యాప్‌లో వచ్చే లైవ్ కొంచెం వెనకబడే ఉంటుంది.

ఓటీటీల గురించి ఎక్కువ చెప్పను. ఏ స్థాయి ప్లాన్ ఇస్తున్నారో అడగండి. ప్రైమ్ అంటే ప్రైమ్ లైట్ కావచ్చు, నెట్‌ఫ్లిక్స్ అంటే ఒక్క తెరకు పరిమితమైన బేసిక్ కావచ్చు, కొన్ని ఫోన్‌లో మాత్రమే నడుస్తాయి. ఆహా, ఈటీవీ విన్ మీ ఇంట్లో చూస్తారేమో కనుక్కుని, అవి అందులో ఉన్నాయో లేవో చూడండి.

ఇది అందరికీ పనికిరాదని నేను అనట్లేదు. మా తోడికోడలు వాళ్లు ఎలక్ట్రానిక్ సిటీలో ఇదే తరహాది తీసుకుని హాయిగా ఉన్నారు. వాళ్లది ఐపీటీవీ, పిల్లలు చూసేది ఓటీటీలే, పెద్దవాళ్లు ఎవరూ లేరు, పైగా వాళ్ల బాల్కనీ ఉత్తరం వైపు. మనకు డీటీహెచ్ డిష్‌కు ఆగ్నేయం, దక్షిణం వైపు ఆకాశం అడ్డం లేకుండా కనిపించాలి, లేదంటే టెర్రస్ మీద పెట్టనివ్వాలి. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఒప్పుకోరు. అలాంటి ఇంట్లో ఐపీటీవీ నిజంగా మంచి దారి, మీ కొత్త ఇల్లు అలాంటిదే అయితే నా మాట పక్కన పెట్టి తీసుకోండి, కాకపోతే ఆరు నెలలకు ముందే కట్టకుండా నెల నెలా కట్టే ప్లాన్ అడగండి.

మేం జూన్ చివర్లో టీవీ వద్దన్నాం. ముందే కట్టిన డబ్బులో మిగతా నెలల టీవీ వాటా తిరిగి రాదన్నారు, బాక్స్ డిపాజిట్ కోసం నెలన్నర తిరిగాం. బాక్స్ తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు దాని వెనక ఉన్న సీరియల్ నంబరు ఫొటో తీసి పెట్టుకున్నాం, అదొక్కటే మమ్మల్ని కాపాడింది, ఎందుకంటే తర్వాత బాక్స్ అందలేదన్నారు. ప్రతి ఫిర్యాదుకూ నంబరు రాసి పెట్టుకోండి, కస్టమర్ కేర్ తేల్చకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి ఉంటారు, అక్కడా కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

డీటీహెచ్ ఎందుకు తీసేయొద్దన్నానంటే, మీ అమ్మానాన్న ఉండేది ఆరు నెలలే. వాళ్లున్నన్నాళ్లు నెలనెలా రీచార్జ్ చేసుకుని, వెళ్లాక ఆపేసుకోవచ్చు. కలిపి తీసుకున్న ప్లాన్‌లో వాళ్లు ఒంగోలు వెళ్లిపోయినా ఆ 236 పడుతూనే ఉంటుంది.

ఈరోజే అమ్మకు ఫోన్ చేసి పొద్దున్నించి రాత్రి వరకు ఏ ఛానెల్, ఏ టైముకు చూస్తారో ఒక కాగితం మీద రాయించి ఫొటో పంపమనండి. కంపెనీ వాళ్లకు ఆ కాగితమే వాట్సాప్‌లో పెట్టి, ప్రతి పేరు పక్కన ఉందో లేదో, ఏ భాషదో రాసి పంపమని అడగండి. ఫోన్‌లో నోటిమాటగా చెప్తే ఒప్పుకోకండి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బాల్కనీ ఏ దిక్కుకుందో కూడా చూసి ఇక్కడ రాయండి, దాన్ని బట్టి ఇంకేమైనా తోస్తే చెప్తాను.