బుజ్జమ్మకు, గురి లెక్కల గురించి

చిరంజీవి బుజ్జమ్మకు తాతయ్య ఆశీస్సులు.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వదిలేసి 50 మీటర్ల ప్రోన్‌కి, అంటే బోర్లా పడుకుని కాల్చే రైఫిల్ పోటీకి, మారుతున్నావని మీ అమ్మ చెప్పింది. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన రోజు నువ్వు ఫోన్లో అరిచిన అరుపుకే నాకు అనుమానం వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం. మీ అమ్మమ్మ "ఆడపిల్లకి ఆ తుపాకులేంటి" అని నాతో రెండు రోజులు మాట్లాడలేదు, తప్పంతా నాదే అన్నట్టు. కొంత నాదేలే.

ముందు చెవులు. పాయింట్ టూ టూ, ఆ చిన్న గుండు రైఫిల్, చప్పుడెంత తాతయ్యా అంటావు. సైన్యంలో మేం పెద్ద రైఫిళ్లకే దూది కుక్కుకునేవాళ్లం, అదీ గుర్తుంటే. కుడిచేతి వాటం వాళ్లకి బ్యారెల్ మూతివైపు ఉండేది ఎడమ చెవి. నా ఎడమ చెవిలో ముప్పై ఏళ్లుగా ఒక కీచురాయి కాపురం ఉంటోంది. నువ్వు పుట్టినప్పుడు నీ ఏడుపు కూడా కుడి చెవితోనే విన్నాను. నువ్వు కాల్చకపోయినా, పక్క లేన్‌లో ఎవరు కాలుస్తున్నా ఇయర్ మఫ్ తియ్యకు. నాకు మాటివ్వు. బోల్టు తెరిచి పెట్టడం, సీసం అంటిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తిండి ముట్టడం నీకు తెలిసినవే.

ఇక నన్ను లేపి కూర్చోబెట్టిన మాట. "ఎయిర్ రైఫిల్లో టెన్, అంటే పది పాయింట్ల నడి వలయం, అర మిల్లీమీటరు చుక్క, ఇక్కడ 10.4 మిల్లీమీటర్లు, ఇరవై రెట్లు పెద్దది, సులువు" అన్నావట. ఇంజినీరింగ్ చదువుతున్నావే తల్లీ! దూరం చెప్పకుండా మిల్లీమీటర్లు చెబితే ఏం లాభం? గురిని కోణంలో కొలవాలి. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్. అది 100 మీటర్ల దగ్గర 29 మిల్లీమీటర్లు, 50 దగ్గర 14.5, 10 దగ్గర 2.9.

ఇప్పుడు పలక తీసుకుని (మార్కాపురం మనవరాలివి, ఇంట్లో పలక లేదనకు) వేసి చూడు. గుండు అంచు వలయాన్ని తాకినా పాయింటు వస్తుంది కదా, అందుకే గుండు మందం కలుపుకోవాలి. ఎయిర్ రైఫిల్లో 0.5కి పెల్లెట్ 4.5 కలిపితే 5 మిల్లీమీటర్లు. గుండు నడిమధ్య ఆ వృత్తంలో పడితే టెన్. 10 మీటర్ల దగ్గర అది 1.7 మినిట్లు. ఇక్కడ 10.4కి 5.6 కలిపితే 16 మిల్లీమీటర్లు. 50 మీటర్ల దగ్గర అది 1.1 మినిటే. పెద్దదనుకున్న టెన్ నిజానికి చిన్నది. పైగా గాలి.

"నా రైఫిల్ అర మినిట్ కొడుతోంది", అంటే గుండ్లన్నీ అర మినిట్ వెడల్పులోనే పడుతున్నాయి, అన్నావని కూడా విన్నాను. ఎన్ని గుండ్లకి? మూడింటికా? మూడు గుండ్లు ఎవరికైనా అప్పుడప్పుడూ ఒకేచోట పడతాయి. పదేసి గుండ్ల గ్రూపులు (ఒకే గురితో వరసగా కాల్చిన గుండ్ల గుంపులు) నాలుగైదు కాల్చు. దూరంగా పడిన దాన్ని "నా చెయ్యి అదిరింది" అని లెక్కలోంచి తీసెయ్యకు, ఆ చెయ్యీ నీదే. బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి 5.6 తియ్యి, మిగిలినదాన్ని 14.5తో భాగించు. అయినా గ్రూపు చిన్నగా ఉండటం వేరు, అది నడిమధ్యన పడటం వేరు. రెండోదానికి సైటు తిప్పాలి. నేను పరువు పోగొట్టుకున్నది అక్కడే.

1987లో, యూనిట్ల మధ్య పోటీ, 300 మీటర్లు. పొద్దున్నే నా రైఫిల్ ఫైరింగ్ పిన్ విరిగింది. టీమ్‌లో ఇంకో హవల్దారు తన రైఫిల్ ఇచ్చాడు. దాని సైటు విదేశీది, కార్డు మీద "ఒక క్లిక్ పావు అంగుళం, 100 గజాలకు" అని ఉంది. క్లిక్ అంటే సైటు మరని టిక్కుమని తిప్పే ఒక్కో మెట్టు. ట్రయల్ గుండ్లు బాగా దగ్గరగా పడ్డాయి, కానీ మధ్య నుంచి 26 సెంటీమీటర్లు కుడికి. టీమ్ మొత్తంలో సెంటీమీటర్లని నోటిలెక్కతో అంగుళాలు చేసేవాణ్ని నేనొక్కణ్నే, ఆ గొప్ప నాకుండేది. 2.54తో భాగించాను, పది అంగుళాల పైచిలుకు. అంగుళానికి నాలుగు క్లిక్కులు. నలభై తిప్పాను, ఎడమకి. ఇంకో ట్రయల్ గుండు కాల్చి చూడకుండా నేరుగా లెక్కలోకి దిగాను.

బట్ దగ్గర, అంటే టార్గెట్లు నిలబెట్టే గట్టు దగ్గర, ఎర్రజెండా ఊపారు. వాషౌట్. గుండు అసలు వలయాల్లోనే లేదు. గాలి మారిందేమో అనుకున్నాను. గడ్డి చూస్తూ రెండు నిమిషాలు ఆగి మళ్లీ కాల్చాను. మళ్లీ ఎర్రజెండా. చెమటకి కళ్లు మండుతున్నాయి, అరువిచ్చినవాడి రైఫిల్ పాడు చేశానేమో అని వణుకు. అప్పుడు వెనకనుంచి వాడే అడిగాడు, ఎన్ని తిప్పావని. నలభై అన్నాను. తల పట్టుకున్నాడు.

చూడు, పావు అంగుళం 100 గజాల దగ్గర. 300 మీటర్లంటే దాదాపు 328 గజాలు, అక్కడ అదే క్లిక్ గుండుని 2 సెంటీమీటర్ల పైన జరుపుతుంది. పన్నెండో పదమూడో తిప్పాల్సినవాణ్ని నలభై తిప్పాను. గుండు 83 సెంటీమీటర్లు జరిగి, మధ్యకి 57 సెంటీమీటర్లు ఎడమగా పోయింది. టార్గెట్ మొత్తం అడ్డంగా మీటరే, సగం 50. అంగుళాలు సరిగ్గానే చేశాను, దూరాన్ని మరిచాను. రెండు సున్నాలు. పదకొండు పాయింట్లతో ఓడాం. ఆ రాత్రి లంగర్లో, మా భోజనశాలలో, ఆ రైఫిల్ ఇచ్చినవాడు నా పక్కనే కూర్చుని రొట్టెలు తిన్నాడు, ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నిద్రైనా పట్టేది.

అందుకని నీ సైటు కార్డుని కూడా నమ్మకు. ఐదు గుండ్లు కాల్చు, ఒకవైపు పది క్లిక్కులు తిప్పు, మళ్లీ ఐదు కాల్చు. రెండు గ్రూపుల నడిమధ్యల ఎడం కొలిచి పదితో భాగించు. వచ్చిన అంకెని ప్లాస్టర్ మీద రాసి రైఫిల్ కర్రకి అంటించు, పక్కన "50 మీటర్లు" అని కూడా రాయి. ఎంత తిప్పినా, కాల్చి చూశాకే లెక్కలోకి దిగు.

రేంజ్‌లో టెలిస్కోపులవాళ్లు మిల్ మిల్ అంటుంటారు. అదీ మినిట్ లాగే కోణం కొలతే. 1000 మీటర్లకి ఒక మీటరు అని గుర్తుపెట్టుకో. 50కి 5 సెంటీమీటర్లు. ఒక మిల్ 3.44 మినిట్లు. వృత్తంలో అసలు మిల్లులు 6283, చిల్లర. మా ఆర్టిలరీ వాళ్లు సులువు కోసం 6400 చేసుకున్నారు, రష్యావాళ్లు 6000. మీ పోటీల్లో టెలిస్కోపు సైటు ఉండదు కాబట్టి నీకంత అవసరం లేదు. ఎవరైనా గాలికి "ఒక పాయింట్ తిప్పు" అంటే మాత్రం మినిటా, మిల్లా, క్లిక్కా అని అడుగు. సిగ్గుపడకు.

మొదటి పది గుండ్ల టార్గెట్ నాకు పోస్టులో పంపు. ఫోటో వద్దు, ఫోటోలో కొలవలేను. నా స్టీలు స్కేలు మీద అంగుళాల అంచు అరిగిపోయింది గానీ సెంటీమీటర్ల వైపు బాగానే ఉంది. అమ్మమ్మ నిన్న మాట్లాడింది. ఇయర్ మఫ్‌లు మంచివి ఎంతవుతాయో కనుక్కోమంది, డబ్బు తను పంపుతుందట.

తాతయ్య