చాట్ కౌన్సెలింగ్‌లో మొహం కనబడదు, గొంతు వినబడదు. మరి బాధ ఎలా తెలుస్తుంది?

చాట్‌లో కౌన్సెలింగ్ తీసుకోవడం మొదలుపెట్టబోతున్నానని చెప్పి, జవాబు ఆలస్యమైతే ఏమనుకోవాలో, మీ బాధ టైపింగ్‌లో అవతలివాళ్లకు తెలుస్తుందో లేదో అడిగారు. తెలుస్తుంది గానీ దానంతటది తెలియదు. ఎదురెదురుగా కూర్చుంటే నిట్టూర్పూ, దించుకున్న కళ్లూ చెప్పేసే సంగతుల్ని ఇక్కడ ఇద్దరూ అక్షరాల్లో పెట్టాల్సిందే.

మాట్లాడే వేగంలో టైపింగ్ సగం కూడా అందుకోదు. 50 నిమిషాల సెషన్‌లో ఒక విషయం, మహా అయితే రెండు నడుస్తాయి. అందుకని మొదటి మెసేజ్‌లోనే "ఇవాళ దీని గురించే మాట్లాడాలి" అని రాసేయండి. ఎలా ఉన్నారు, బాగున్నాను అంటూ పది నిమిషాలు పోతే తిరిగి రావు.

ఎక్కువ అపార్థాలు పుట్టేది మౌనం దగ్గర. మీరు మూడు నిమిషాలు ఏమీ రాయకపోతే ఆలోచిస్తున్నారో, ఏడుస్తున్నారో, గదిలోకి ఎవరైనా వచ్చారో, నెట్ పోయిందో అవతలివాళ్లకు తెలియదు. అనుభవం ఉన్న కౌన్సెలర్ కాసేపు ఆగి "ఇక్కడే ఉన్నాను, తొందరేం లేదు" అని ఒక్కసారి రాస్తారు. నిమిషానికోసారి "ఉన్నారా?" అంటే ఆలోచన తెగిపోతుంది. మీ వైపు నుంచి "ఏడుస్తున్నా, రెండు నిమిషాలు" అన్న ముక్క చాలు. అలాగే "టైపింగ్" అని కనబడి మాయమైతే కౌన్సెలర్ మీ గురించి ఏదో అనుకుంటున్నారని కాదు. రాసింది కటువుగా అనిపించి చెరిపి మళ్లీ రాస్తూ ఉండొచ్చు. ఒకేసారి ఇద్దరు ముగ్గురితో చాట్ చేయించే సర్వీసులూ ఉన్నాయి. మీది అలాంటిదేనా అని మొదట్లోనే అడగండి, అది మీ హక్కు.

మెసేజ్‌లు ఒకదాన్నొకటి దాటుకుపోవడం ఇంకో తలనొప్పి. మీరు మూడో సంగతి రాస్తుండగా మొదటిదానికి జవాబొస్తుంది, అది మూడోదానికి అనుకుంటారు. పెద్ద విషయాన్ని ముక్కలుగా పంపుతూ "ఇంకా ఉంది" అని, ముగిశాక "అంతే" అని పెడితే ఈ గొడవ పోతుంది. కౌన్సెలర్లు చదువుతుంటే వాళ్లకూ ఒక మాట: ఒక మెసేజ్‌కి ఒకే ప్రశ్న. రెండు అడిగితే జవాబు సులువైనదానికే వస్తుంది. అసలుది కిందికి జారిపోతుంది.

మాటల విషయానికొస్తే, "పర్లేదు" అనేదాన్ని గొంతు లేకుండా చదివి చూడండి. బాగానే ఉన్నానని కావచ్చు, ఇక వదిలేయండని కావచ్చు. అలాంటి మాట వచ్చినప్పుడు కౌన్సెలర్ ఊహించకూడదు, "ఏ రకం పర్లేదు?" అని అడగాలి. "ఎందుకు చెప్పలేదు?" అనే ప్రశ్న మెత్తటి గొంతుతో అడిగితే ఒకలా ఉంటుంది, తెర మీద మాత్రం నిలదీసినట్టే కనబడుతుంది. "చెప్పడానికి ఏది అడ్డొచ్చింది?" అంటే ఆ గుచ్చుకోవడం ఉండదు. "మీరన్నది నాకిలా అర్థమైంది" అంటూ కౌన్సెలర్ తిరిగి చెప్పేది మీ చేత దిద్దించుకోవడానికే. చాలామంది మొహమాటానికి "అవును" అనేస్తారు. ఆ తడబాటు చాట్‌లో ఎవరికీ కనబడదు. "సగమే నిజం" అని రాయండి.

తెర చాటున మనుషులు త్వరగా మనసు విప్పుతారు. జాన్ సూలర్ అనే మనస్తత్వవేత్త 2004లో దీని గురించి వివరంగా రాశారు. లాభమే, కానీ మొదటి రోజే అంతా చెప్పేసి, మర్నాడు సిగ్గుపడి మళ్లీ రాని వాళ్లూ ఉంటారు. బరువుగా అనిపిస్తే "ఇవాళ్టికి ఇంతవరకే" అనొచ్చు.

మొదట్లోనే కౌన్సెలర్ మీరున్న చోటు, ఫోన్ నంబరు, అత్యవసరమైతే ఎవరికి చెప్పాలో అడిగితే కంగారుపడకండి. చాట్‌లో ప్రాణం మీదికొస్తే సాయం పంపడానికి వేరే దారి ఉండదు. చచ్చిపోవాలనిపిస్తోందని రాస్తే సూటిగా అడుగుతారు: ఎలా అని ఆలోచించారా, దగ్గర ఏమైనా ఉందా, ఒంటరిగా ఉన్నారా అని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. ప్రమాదం అప్పటికే దగ్గర్లో ఉంటే మాత్రం చాట్ కోసం ఎదురుచూడొద్దు, అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి.

ఫోన్ లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనబడకుండా సెట్టింగ్ మార్చుకోండి. చాట్ కాపీ ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంటుందో అడగండి. నెట్ తెగితే ఎన్ని నిమిషాలు ఆగాలో, తర్వాత ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకోండి.

అసలు విషయం తరచూ చివరి ఐదు నిమిషాల్లో బయటికొస్తుంది. ఒక్క నొక్కుతో చాట్ కిటికీ మూసేయొచ్చన్న ధైర్యం ఉంటుంది కదా. అందుకే పది నిమిషాల ముందే సమయం గుర్తుచేయమని కౌన్సెలర్‌తో చెప్పి పెట్టండి. అప్పటికీ మిగిలిపోతే, అదే మాటను కాపీ చేసి వచ్చే సెషన్‌లో మొదటి మెసేజ్‌గా పెట్టండి.