కోటి రూపాయల విద్యుత్ కారు: అదనపు ధరకు అందేదేమిటి?

ప్రశ్న: నాకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. పని మీద నెలకు నాలుగైదు సార్లు హైదరాబాద్ వెళ్లి వస్తాను. అన్నీ కలిపి నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగుతాను. పాత కారు ఇచ్చేసి విద్యుత్ కారు తీసుకోవాలని నిశ్చయించుకున్నాం. నేను మహీంద్రా బీఈ 6 చాలనుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి మాత్రం "ఇన్నేళ్లు కష్టపడ్డవు నాయినా, బీఎండబ్ల్యూ ఐ5 ఎం60 తీసుకో, తెలంగాణలో రోడ్డు పన్ను కూడా లేదు" అంటున్నాడు. పైసలకు ఇబ్బంది లేదు గానీ, పెట్టిన పైసకు విలువ ఉండాలన్నది నా పట్టుదల. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఈ రెండు కార్ల వివరాలను పక్కపక్కన పెట్టి చూస్తే మొదట కంటబడేది బ్యాటరీ. కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లలోనే చెప్పుకుంటే, బీఈ 6 పెద్ద మోడల్ బ్యాటరీ 79 యూనిట్లది. ఐ5 ఎం60లో వాడుకోవడానికి అందేది 81.2 యూనిట్లు. మార్కెట్లోకి వచ్చినప్పుడు మొదటిదానిలో పై మోడల్ ఎక్స్‌షోరూం ధర 26.90 లక్షలు కాగా, 2024 ఏప్రిల్‌లో వచ్చిన రెండోదాని ధర 1 కోటి 19 లక్షల 50 వేలు. అంటే సుమారు 93 లక్షల తేడాలో బ్యాటరీ కోసం మీరు చెల్లించేది లేదనే చెప్పాలి. విద్యుత్ కారులో అన్నిటికంటే ఖరీదైన భాగం బ్యాటరీ అన్నది నిజమే అయినా, ఖరీదైన విద్యుత్ కారులో ఆ ఖరీదుకు కారణం బ్యాటరీ కాదు.

దిగుమతి సుంకం పోను ఆ సొమ్ములో చెప్పుకోదగ్గ భాగం రెండో మోటారుకు, 601 హార్స్‌పవర్ బలానికి, ఆ బలాన్ని తట్టుకునే బ్రేకులకు, వెడల్పాటి టైర్లకు, వేడిని తీసేసే ఏర్పాట్లకు వెళుతుంది. ఐ5 ఎం60 నిలిచిన చోటి నుంచి 100 కిలోమీటర్ల వేగాన్ని 3.8 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ చెబుతోంది. బీఈ 6కు మహీంద్రా చెప్పే లెక్క 6.7 సెకన్లు. ఆ మూడు సెకన్లు మీకు ఎక్కడ ఉపయోగపడతాయన్నదే అసలు ప్రశ్న. నాలుగు వరుసల రహదారి మీద కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లు. మీ ప్రయాణంలో అంతకు మించి వెళ్లడానికి అనుమతి ఉన్నది హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద మాత్రమే, అక్కడ 120.

కిందటి యాసంగి కోతల సమయంలో ఇలాంటి బలమైన కారు ఒకటి మిత్రుడు నడుపుతుంటే నేను పక్క సీట్లో కూర్చుని నల్లగొండ నుంచి మీ ఊరి వైపు వచ్చాను. తిప్పర్తి దాటిన తర్వాత రోడ్డు బాగుందని అతడు ఒక్కసారి పెడల్ నొక్కేసరికి నా వీపు సీటుకు అతుక్కుపోయింది. ఆ అనుభూతి అద్భుతంగా ఉందనడంలో సందేహం లేదు. వేములపల్లి చేరకముందే రోడ్డంచున సగం వరస దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ బండరాళ్లు పేర్చి ఉన్నాయి. వాటిని తప్పుకుని పక్కకు రాగానే ఎదుట, వెనుక వైపు దీపాల్లేని ట్రాక్టర్ ట్రాలీ. వేగం 140 అయితే కారులోని గతిశక్తి 100 వేగంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు, ఆ శక్తినంతా బ్రేకులే మింగాలి. మీ మిల్లుకు వచ్చే ధాన్యం ఏ రోడ్డు మీద ఆరుతుందో, ఏ ట్రాలీలో వస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు కనుక ఈ విషయం ఇంతటితో వదిలేస్తాను. లారీని దాటడానికి కావలసిన బలం బీఈ 6కు ఉన్న 286 హార్స్‌పవర్‌లో కావలసినంత ఉంది.

ఇక ఛార్జింగ్. గరిష్ఠంగా ఎంత వేగంతో ఛార్జ్ అవుతుందన్న లెక్కలో బీఈ 6 175 కిలోవాట్ల దాకా, ఐ5 ఎం60 205 కిలోవాట్ల దాకా తీసుకోగలవు (ఒక కిలోవాట్ అంటే గంటకు ఒక యూనిట్). పోర్షే కంపెనీ విద్యుత్ కారు టైకాన్ కొత్త మోడల్ ఏకంగా 320 కిలోవాట్లు తీసుకుంటుంది. అయితే కారు ఎంత తాగగలిగినా కుండలో ఉన్నంతే కదా. మే నెల మధ్యాహ్నం ఒకటి నార్కట్‌పల్లి దగ్గర దాబా ఆవరణలోని 60 కిలోవాట్ల యంత్రానికి మేము కారు తగిలించినప్పుడు తెర మీద 58 కనిపించింది. పది నిమిషాలకు మరో కారు వచ్చి అదే యంత్రానికున్న రెండో ఛార్జింగ్ గన్ అందుకోగానే మా తెర మీది అంకె 29కి పడిపోయింది. అలాంటి చోట కోటి రూపాయల కారైనా, పాతిక లక్షల కారైనా 20 శాతం నుంచి 80 శాతానికి రావడానికి గంట నుంచి గంటన్నర పట్టక తప్పదు. మీకు మాత్రం దీనితో పెద్దగా పని పడదు. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడం సుమారు 300 కిలోమీటర్లు, నూరు కిలోమీటర్లకు 17, 18 యూనిట్లు ఖర్చయినా 79 యూనిట్ల బ్యాటరీలో ఇంకా మిగులుతుంది. ఇంటి దగ్గర 7 కిలోవాట్ల ఛార్జరు ఉంటే రాత్రి పెట్టిన కారు తెల్లవారేసరికి నిండుతుంది.

ఇంధనం ఆదా గురించి స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే నెలకు రెండు వేల కిలోమీటర్లకు బీఈ 6కు అయ్యేది మూడు వేల లోపు. లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే పెట్రోల్ కారుకు అదే దూరం సుమారు 18 వేలు తింటుంది. ఈ 15 వేల ఆదా మొత్తం పాతిక లక్షల కారుతోనే మీ చేతికి వచ్చేసింది. పైన పెట్టే 93 లక్షలు దానికి మరో రూపాయి కలపవు. బరువు, టైర్ల వెడల్పు పెరిగి నూరు కిలోమీటర్లకు 20 యూనిట్లు దాటితే తిరిగి కొంత తీసుకుంటాయి కూడా.

మీ అబ్బాయి చెప్పిన పన్ను మాట నిజమే. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రాష్ట్రంలో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము నూరు శాతం మినహాయించారు. 20 లక్షలు దాటిన పెట్రోల్ కారుకు జీవితకాల పన్ను కనీసం 18 శాతం కనుక, కోటి ఇరవై లక్షల కారు మీద మిగిలేది ఇరవై లక్షల పైమాటే. దానికి తోడు విద్యుత్ కార్ల మీద జీఎస్టీ 5 శాతమే ఉండగా, పెద్ద పెట్రోల్ కార్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. కాబట్టి ఎలాగైనా కోటి రూపాయల కారే కొనాలని అనుకున్నవారికి పెట్రోల్‌కు బదులు విద్యుత్ కారు తీసుకోవడం నిస్సందేహంగా లాభం. మీ ముందున్న ప్రశ్న అది కాదు. పన్ను మిగులుతుందని తొంభై లక్షలు ఎక్కువ పెట్టడం లెక్కకు అందే పని కాదు.

ఒక్క విషయంలో మీ అబ్బాయి వైపు మాట్లాడతాను. ఇలాంటి కార్ల సస్పెన్షన్, సీట్లు, లోపలి నిశ్శబ్దం మాటల్లో చెప్పేవి కావు. నడుము నొప్పి ఉన్నవారు మూడు గంటలు కూర్చుని దిగితే తేడా శరీరానికే తెలుస్తుంది. మీకు అలాంటి ఇబ్బంది ఉంటే రెండు కార్లలోనూ నల్లగొండ దాకా వెనుక సీట్లో కూర్చుని వెళ్లి రండి. అప్పటికీ కొనవలసింది ఐ5 ఎం60 కాదు. బలం కోసం కాక సుఖం కోసమే డబ్బు పెట్టిన మరో కారు చూడండి. సర్వీసుకు ప్రతిసారీ హైదరాబాద్ పోవాలని, రెండు మోటార్ల విద్యుత్ కారును చక్రాలు నేలకు ఆనించి లాక్కుపోకూడదు గనుక ఆగిపోతే కారును మీదికెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీయే రావాలని కూడా మనసులో ఉంచుకోండి. నా మాట అడిగితే బీఈ 6 పెద్ద బ్యాటరీ మోడల్ తీసుకోండి.

ప్రశ్న: నేను వైద్యురాలిని. కియా ఈవీ6 కొనాలని ఉంది. మా దివిటిపల్లిలో అమర రాజా బ్యాటరీ ఫ్యాక్టరీ పూర్తయితే ధరలు తగ్గుతాయని, అంతవరకు ఆగమని బంధువులు అంటున్నారు. మా ఎండలకు బ్యాటరీ తట్టుకుంటుందా అన్న భయం కూడా ఉంది.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: దివిటిపల్లిలో 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన ఆ కర్మాగారం పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో, ఏడాదికి 16 గిగావాట్ అవర్ల (అంటే కోటీ అరవై లక్షల యూనిట్ల) సామర్థ్యానికి సరిపడా బ్యాటరీ సెల్స్ తయారీ లక్ష్యంతో మొదలైంది. వలసలకు పేరుపడిన పాలమూరుకు అది రావడం నాకెంతో సంతోషం. అయితే మీరు కొనాలనుకుంటున్న తరగతి కారు ధరకూ దానికీ సంబంధం తక్కువ. 2024లో ప్రపంచవ్యాప్తంగా బ్యాటరీ ప్యాకు సగటు ధర యూనిట్ సామర్థ్యానికి 115 డాలర్లని బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఆ లెక్కన ఈవీ6లోని 84 యూనిట్ల బ్యాటరీ విలువ ఎనిమిది లక్షల రూపాయలు. 2025లో వచ్చిన ఆ కారు ఎక్స్‌షోరూం ధర 65.90 లక్షలు. బ్యాటరీ ధర పావు వంతు తగ్గినా మీకు కలిసివచ్చేది రెండు లక్షలు, అంటే నూటికి మూడు రూపాయలు. అదే 45 యూనిట్ల బ్యాటరీతో 15 లక్షలకు దొరికే కారులో ఈ తగ్గుదల నూటికి ఏడు రూపాయల దాకా ఉంటుంది. ఈవీ6 పూర్తిగా విదేశంలో తయారై వచ్చే కారు కాబట్టి దాని ధరను నిలబెడుతున్నది బ్యాటరీ కంటే ఎక్కువగా కస్టమ్స్ సుంకమే. బ్యాటరీ చౌక అవుతుందని ఆగవలసిన పని లేదు.

ఎండ విషయంలో మీ భయం అర్థం లేనిది కాదు. లిథియం బ్యాటరీని వేడి త్వరగా ముసలిదాన్ని చేస్తుంది. నిండా ఛార్జ్ చేసి ఎండలో రోజుల తరబడి నిలిపితే ఆ నష్టం ఇంకా ఎక్కువ. ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఈ కార్లలో ఉంది గనుక నడుస్తున్నంతసేపు ఇబ్బంది ఉండదు, చూసుకోవలసింది నిలిపే చోటు. ఆసుపత్రి దగ్గర రేకుల షెడ్డు అయినా వేయించుకోండి, రోజువారీ 80 శాతం దగ్గర ఆపండి, దూరం వెళ్లే రోజున మాత్రం బయలుదేరే ముందు నింపుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడేళ్లు వాడిన లగ్జరీ విద్యుత్ కారు కొత్తదాని ధరలో సగానికి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఈ తరగతి కార్లలో మొదటి యజమాని పోగొట్టుకున్నదే రెండో యజమానికి లాభం కాబట్టి, కొత్తదాని కంటే ఇలాంటి బేరమే నాకు నచ్చుతుంది. కానీ బయానా ఇవ్వకముందే కంపెనీ సర్వీసు కేంద్రంలో బ్యాటరీ ఆరోగ్య నివేదిక కాగితం మీద తీసుకోండి. వారంటీ సాధారణంగా ఎనిమిదేళ్లు ఉంటుంది గనుక మిగిలిన ఐదేళ్లు మీ పేరుకు మారుతుందో లేదో రాతపూర్వకంగా అడగండి. కారును లిఫ్టు మీద ఎక్కించి అడుగున బ్యాటరీ పెట్టె మీద స్పీడ్ బ్రేకర్ గీతలు, సొట్టలు స్వయంగా చూడండి. చివరగా వేగంగా నింపే డీసీ ఛార్జరు దగ్గరికి తీసుకుపోయి, ఇరవై శాతం నుంచి యాభై శాతం వచ్చేదాకా పక్కనే నిలబడి తెర మీది అంకెలు గమనించండి. అమ్మేవారు వీటిలో దేనికి అభ్యంతరం చెప్పినా ఆ కారు వద్దు.