అక్వేరియం పై ఫ్రేమ్ విరిగితే జిగురుతో అతికించి వాడుకోవచ్చా?

ఫ్రేమ్ అంచు మాత్రమే చిట్లితే అతికించి వాడుకోవచ్చు గానీ, ముందు, వెనుక అద్దాలను కలుపుతూ మధ్యలో ఉండే అడ్డపట్టీ విరిగితే మాత్రం వెంటనే నీళ్లు తగ్గించి, దాని స్థానంలో కొత్త పట్టీ వేయాలి.

లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరిగి అద్దాలను బయటికి నెడుతుంది. అడ్డపట్టీ తెగితే పొడవాటి అద్దం నడుమ విల్లులా వంగి, అతుకుల్లోని సిలికాన్‌ను లాగుతుంది. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక ఇంటి ముందుగదిలో 4 అడుగుల తొట్టి ఉందనీ, అందులో 45 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లున్నాయనీ అనుకుందాం: ముందు అద్దం మీద పడే బలం సుమారు 120 కిలోల బరువుకు సమానం. నీటి ఎత్తును సగం చేస్తే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది కనుక, నీళ్లు తగ్గించడమే మొదటి పని. చేపలకూ అది తక్షణ రక్షణ.

తర్వాత తొట్టిని ఖాళీ చేసి, అద్దాల దుకాణంలో అంచులు నునుపు చేయించిన గాజు పట్టీని, పాత సిలికాన్‌ను బ్లేడుతో పూర్తిగా గీకి తుడిచిన చోట, అక్వేరియం సిలికాన్‌తో అతికించాలి. పాతదాని మీద కొత్తది సరిగా పట్టదు. వెనిగర్‌లాంటి ఘాటు వాసన పోయేదాకా, కనీసం 2 రోజులు ఆరనివ్వాలి. స్నానాలగదుల కోసం అమ్మే, బూజు నిరోధక మందు కలిపిన సిలికాన్ చేపలకు హానికరం.

ఫ్రేమ్ లేని తొట్లూ ఉన్నాయి కాబట్టి ఫ్రేమ్ కేవలం అలంకారమని చాలామంది పొరబడతారు. నిజానికి వాటిలో ఆ బలాన్ని తట్టుకోవడానికే మందమైన అద్దం వాడతారు.